డేటా తెరిచే ముందు

మైథిలీ,

గల్ఫ్ యుద్ధ సైనికుల జబ్బుకున్న ఆ రెండు నిర్వచనాల్లో ఏదీ తప్పు కాదమ్మా. "దేంతో యుద్ధానికి వెళ్లినవాళ్లకూ వెళ్లనివాళ్లకూ తేడా ఎక్కువ కనిపిస్తే అదే వాడతాను పెదనాన్నా" అని రాశావే, నాకు కోపం వచ్చింది అక్కడే. లెక్క చూసుకుని నిర్వచనం ఎంచుకుంటే దాన్ని పరిశోధన అనరు.

1991 గల్ఫ్ యుద్ధం నుంచి వచ్చిన సైనికుల జబ్బు ఫలానా రక్తపరీక్షలో తేలేది కాదు కనుక రోగి ఎవరో లక్షణాలతోనే గీత గీయాలి. 1998లో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ తరఫున ఫుకుదా బృందం గీసింది వెడల్పాటి గీత: అలసట, మనసూ జ్ఞాపకమూ, కండరాలూ కీళ్లూ అనే మూడింటిలో రెండింట ఆర్నెల్లుగా బాధ ఉంటే చాలు. 2000లో కాన్సాస్ మాజీ సైనికులను పరిశీలించి లీ స్టీల్ గీసింది ఇరుకైనది: ఆరు లక్షణ వర్గాల్లో మూడింట బాధ గట్టిగా ఉండాలి, మధుమేహం, గుండెజబ్బు లాంటివి ఉన్నవాళ్లు లెక్కలోకి రారు. వైద్యం ఎందరికి అవసరమో తెలియాలంటే మొదటిది, కారణం వెతకాలంటే రెండోది. కానీ నాటి పాతికేళ్ల కుర్రాళ్లు ఇప్పుడు అరవైకి చేరువయ్యారు. వయసుతో వచ్చిన షుగరు వల్ల అసలు రోగులే ఆ రెండో గీత బయటికి జారిపోతారు. ఎందరిని తీసేశావో తప్పక రాయి.

ఇక నేను ఎప్పుడూ పాడే పాటే: పోల్చకుండా అంకె చెప్పకు. ఫుకుదా లెక్కలో యుద్ధానికి వెళ్లినవాళ్లలో 45 శాతం గీత లోపలికి వచ్చారు. నువ్వు అదొక్కటే రాశావు. వెళ్లనివాళ్లలోనూ 15 శాతం వచ్చారు, వాళ్లేరీ? అలసట, ఒళ్లునొప్పులు ఎవరికైనా ఉంటాయి; ఆ 15 పక్కన లేకపోతే 45కి అర్థం లేదు. ఆ పోలికనూ గుడ్డిగా నమ్మకు. యుద్ధానికి పంపేది ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే కాబట్టి అసలు తేడా ఇంకా పెద్దదై ఉండొచ్చు. మరోవైపు, ఏ మాత్ర మింగారో, ఏ పురుగుమందు చల్లుకున్నారో అడిగితే జబ్బుపడ్డవాడికి ఎక్కువ గుర్తొస్తుంది. అందుకే దొరికినచోట రికార్డులు చూడాలి. ఉదాహరణకు, 1991 మార్చిలో ఇరాక్‌లోని ఖమిసియా ఆయుధాగారాన్ని పేల్చినప్పుడు సారిన్ విషవాయువు గాలిలో కలిసింది. ఏ దళం ఆ రోజుల్లో ఎక్కడుందో కాగితాల మీద ఉంటుంది, ఎవరి జ్ఞాపకాన్నీ అడగక్కర్లేదు.

"అంతా మానసికమేమో" అని ఊరికే ఒక వాక్యం పడేశావు. కొట్టెయ్. అమెరికా ప్రభుత్వ సలహా సంఘం 2008లోనే ఇది నిజమైన జబ్బని, వెళ్లినవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఉందని తేల్చింది. నరాల విషవాయువుకు ముందుజాగ్రత్తగా ఇచ్చిన పిరిడోస్టిగ్మిన్ మాత్రలనూ పురుగుమందులనూ కారణాలుగా చూపింది. పరీక్షకు అందని బాధను అబద్ధమనే హక్కు మనకు లేదు.

2014లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ కూడా ఆ రెండు నిర్వచనాలనే వాడమంది. నువ్వూ రెండింటితోనూ లెక్క కట్టు. ఏది ప్రధానమో, ఎందుకో ఇప్పుడే ఒక పేజీలో రాసి మీ గైడుకిచ్చి, నాకో కాపీ పంపు. అంతవరకు ఆ డేటా ఫైలు తెరవకు.

మీ పెదనాన్న