కొండమొక్కల నెలవులు - వానిని ముందుగా గుర్తించు విధానము

మైదానమున వందల మైళ్లు నడచినను కానరాని శీతోష్ణ భేదము కొండమీద ఒక్క పూట నడకలోనే ఎదురగును. వేయి మీటర్లు ఎక్కినచో ఉష్ణోగ్రత సగటున 6.5 సెంటిగ్రేడు డిగ్రీలు తగ్గును. అందువలన ఒక్కొక్క మొక్క కొండపై ఒక్కొక్క ఎత్తును తన నెలవుగా చేసికొనును. ఆ నెలవు ఎచ్చట నున్నదో, ఎంత యున్నదో తెలియనిదే దానిని కాపాడుట ఎట్లు? అడవినంతటిని అడుగడుగున వెదకుటకు మనుష్యులు చాలరు, ధనము చాలదు. కనుక తెలిసిన కొద్ది తావులనుబట్టి తెలియని తావులను అంచనా కట్టు విద్య యొకటి గత నలుబది ఏండ్లలో పెంపొందినది. దానిని గూర్చి విద్యార్థి మిత్రులతో కొంత ముచ్చటింపదలచినాము.

ఈ ఆలోచనకు ఆద్యులలో ముఖ్యుడు జర్మను శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ వాన్ హంబోల్ట్. ఆయన 1802లో దక్షిణ అమెరికాలోని చింబొరాజో పర్వతము నెక్కెను. ఏ ఎత్తున ఏ మొక్కలు పెరుగునో చూపు గొప్ప చిత్రపటమును 1807లో ప్రకటించెను. రెండు శతాబ్దముల పిమ్మట, 2012లో, కొందరు శాస్త్రజ్ఞులు అదే పర్వతమునెక్కి చూచి, మొక్కలు 500 మీటర్లకు మించి పైకి జరిగినవని వ్రాసిరి. కాని 2019లో మరికొందరు హంబోల్ట్ వ్రాతలను తిరిగి పరిశీలింపగా, ఆ పటములోని మొక్కలలో పెక్కింటిని ఆయన సేకరించినది చింబొరాజోపై కాదు, అంటిసానా అను వేరొక పర్వతముపై నని తేలినది. అంటిసానాపై లెక్కించి చూడగా మొక్కలు జరిగినది 215 మొదలు 266 మీటర్లు మాత్రమే. మొక్క దొరకిన చోటును సరిగా వ్రాసికొనకున్న ఎంతటి లెక్కయు తప్పుదారి పట్టునని చెప్పుటకు ఇంతకన్న మంచి నిదర్శనము మాకు కనబడలేదు.

ఇక మన ప్రాంతమునకు వత్తము. తిరుమల, కడప కొండలలో తప్ప ప్రపంచమున మరెచ్చటను సహజముగా పెరగని మొక్క యొకటి కలదు. స్థానికులు దానిని పేరిత యందురు. శాస్త్రనామము సైకస్ బెడ్డోమీ. మద్రాసు రాజధానిలో అటవీశాఖకు అధిపతిగా నుండిన బెడ్డోమ్ పేరున 1883లో దానికీ నామకరణము జరిగినది. చూచుటకు చిన్న ఈతచెట్టు వలె నుండును గాని దాని వంశము ఈతకన్న ఎంతో ప్రాచీనమైనది. ఇందు మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మగ శంకువులను నాటు మందులకై కోసికొనిపోవుటచే విత్తనములు కట్టుట తగ్గినది. మన దేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో జరిగిన సవరణలో రక్షణ పొందిన ఆరు రకముల మొక్కలలో ఇదియు నొకటి. విదేశ వ్యాపారమును అరికట్టు సైటిస్ ఒడంబడికలో సయితము దీనిని అత్యంత కఠినమైన మొదటి అనుబంధమున చేర్చినారు. చట్టము సరే, కాని ఏ కొండను కావలి కాయవలెను?

పేరిత వంటి మొక్క దొరకిన చోట్లన్నిటి అక్షాంశ రేఖాంశములను మొదట కూర్చుకొందురు. పాత హెర్బేరియములలోని ఎండు మొక్కల చీటీలు ఇందుకు తోడ్పడును. పిమ్మట ఆ చోటుల వేడిమి, వర్షపాతము, ఎత్తు, వాలు, నేలరకము తెలిసికొందురు. ప్రపంచమంతటి వాతావరణమును సుమారు ఒక కిలోమీటరు గడులుగా విభజించిన వర్ల్డ్‌క్లిమ్ పటములు 2005లో వెలువడినవి. వానిలో ఎండకాలపు గరిష్ఠ వేడిమి, మిక్కిలి పొడియైన నెలలోని వర్షము మొదలగు 19 కొలతలు లభించును.

ఈ రెంటిని జోడించుటకు అనేక పద్ధతులు కలవు. 1980 దశకమున ఆస్ట్రేలియాలో పుట్టిన బయోక్లిమ్ మిక్కిలి సులభమైనది: మొక్క దొరకిన చోట్లలోని కనిష్ఠ గరిష్ఠముల నడుమ నున్నదంతయు అనుకూలమని తలచును. 2006లో ఫిలిప్స్, ఆండర్సన్, షాపైర్ అను ముగ్గురు వివరించిన మాక్సెంట్ పద్ధతి నేడు ఎక్కువగా వాడుకలో నున్నది. తెలిసినదానిని మీరకుండ, తెలియనిదానిని కల్పింపకుండ అంచనా కట్టుట దీని సూత్రము. మొక్క ఉన్న చోట్లు మాత్రమే తెలిసి, లేని చోట్లు తెలియకున్నను ఇది పనిచేయును. ఒక్కొక్క గడికి సున్న మొదలు ఒకటివరకు మార్కు వేయును. ఆ మార్కు అనుకూలతకు గుర్తే గాని మొక్క అచ్చట ఉన్నదనుటకు సాక్ష్యము కాదు. ఈ తేడాను మరచి వ్రాసిన వ్యాసములు తక్కువేమియు గావు.

కొండలయందు మరి రెండు చిక్కులు గలవు. సేకరించువారు బాటలు, మెట్లదారులు ఉన్న దిక్కునకే పోవుదురు. అందుచే యంత్రము మొక్కకు ఇష్టమైన చోటును గాక మనుష్యునకు సులభమైన చోటును నేర్చుకొనును. రెండవది, నిట్రమైన కొండలో ఒక్క కిలోమీటరు గడిలోనే 300 మీటర్ల ఎత్తు తేడా యుండవచ్చును. అనగా సుమారు రెండు డిగ్రీల తేడా. గడికి ఇచ్చిన సగటు ఆ లోయకును సరిపడదు, ఆ శిఖరమునకును సరిపడదు. చిన్న గడులు వాడవలెను, పటము చేతబట్టి కొండకు పోయి చూడవలెను. స్విట్జర్లాండులో ఎరింజియమ్ ఆల్పైనమ్ అను అరుదైన మొక్కకై అట్లే పోగా, పటము సూచించిన మారుమూల తావులలో క్రొత్త గుంపులు దొరకినవి. ఊరక వెదకుటకన్న ఈ విధముగా వెదకుట 1.8 మొదలు 4 రెట్లు ఫలవంతమని అదే పరిశోధనలోని కంప్యూటరు ప్రయోగములు తెల్పినవి.

దొరకిన తావులను అచ్చున వెల్లడించుట యందు మాత్రము జాగ్రత్త వలయును. ఆ కొండలలోనే ఎర్రచందనము కలదు. దానిని నరుకువారు సయితము పటములు చదువగలరు.

ఇదే లెక్కను భవిష్యత్తునకు వర్తింపజేసిన మనసు కలవరపడును. భూమి మూడు డిగ్రీలు వేడెక్కినచో మొక్క తన పాత చల్లదనము కొరకు సుమారు 460 మీటర్లు పైకి పోవలెను. పేరిత నెలవు సుమారు 300 మొదలు 900 మీటర్ల ఎత్తువరకు. తిరుమల శిఖరములు చాలవరకు వేయి మీటర్లకు అటునిటుగా ముగియును. పైమెట్టుననున్న చెట్లకు ఇక ఎక్కుటకు మెట్లేవి? ఆల్ప్స్ పర్వతములలోని 150 మొక్కలను గూర్చి 2012లో వెలువడిన పరిశోధన, ఈ శతాబ్దాంతమునకు వాని నెలవులు సగటున 44 మొదలు 50 శాతము కుంచించునని తెల్పినది. అంతకన్న ముఖ్యమైన మాట, తగని చోట సయితము మొక్కలు కొన్ని దశాబ్దములు బ్రతికి యుండునని. చూచువారికి చెట్టు పచ్చగానే యుండును, క్రింద మొలకలు మాత్రము లేవవు.

కనుక పెద్ద చెట్లను లెక్కించి సంతృప్తి చెందరాదు. పేరిత విషయమున మొలకలను, మగ ఆడ చెట్లను వేర్వేరుగా లెక్కింపవలెను. పటము అనుకూలమని చూపిన గడిలో నూరు చెట్లున్నను, అవి యన్నియు ఆడవే యైనచో, సమీపమున మగచెట్టు లేనిచో, అచ్చట మొలకెత్తు విత్తనము కట్టదు. అట్టి చోట చేతితో పుప్పొడి చల్లుటయో, నర్సరీలో పెంచిన మొక్కలను ఎత్తైన ఉత్తరపు వాలులలో నాటుటయో చేయవలసియుండును. ఏ వాలు అన్న ప్రశ్నకు మాత్రము పటమే తొలి జవాబు.