నీట్‌కు ఆవల: క్యాన్సరు కణచికిత్సలో బైపీసీ విద్యార్థులకు మార్గములు

ప్రతి సంవత్సరము నీట్ ఫలితములు వెలువడగనే, మేడిపల్లి, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలోని పెక్కు ఇండ్లలో, వైద్యకళాశాలలో సీటు రాలేదు గనుక ఇక జీవశాస్త్రముతో పని లేదనెడి నిస్పృహ అలముకొనుచున్నది. ఇది తగదు. క్యాన్సరును ఎదుర్కొనుటకు జరుగుచున్న ప్రయత్నములలో మిక్కిలి ఆసక్తికరమైనదొకటి కణములను పెంచెడి ప్రయోగశాలలో పుట్టినది. అచట పనిచేయువారిలో పెక్కురు ఎం.బి.బి.ఎస్. చదివినవారు కారు.

కణితి మన శరీరపు కణములనుండియే పుట్టినది గనుక, రోగనిరోధక వ్యవస్థ దానిని పరాయిదిగా గుర్తింపక ఊరకుండుట తరచుగా జరుగును. ఈ ఏమరుపాటును తొలగింపనెంచి, 1993లో గ్లెన్ డ్రానాఫ్, డ్రూ పార్డాల్, రిచర్డ్ మల్లిగన్ మొదలగు శాస్త్రజ్ఞులు, ఎలుకల మెలనోమా కణములలో జీఎం-సీఎస్ఎఫ్ అను ప్రోటీనును తయారుచేయు జన్యువును చొప్పించి, అవి మరల విభజన చెందకుండ రేడియేషనుకు గురిచేసి, టీకాగా ఇచ్చిరి. ఆ ప్రోటీను స్రవించిన చోటికి డెండ్రైటిక్ కణములు చేరి, కణితి ఆనవాళ్లను గ్రహించి టి-కణములకు చూపగా, తరువాత ఎక్కించిన సజీవ కణితి కణములను సైతము ఎలుకలు తట్టుకొనగలిగినవి. ఈ పద్ధతిపై రూపొందిన జీవ్యాక్స్ టీకా మాత్రము ప్రోస్టేటు క్యాన్సరు రోగులలో ఆశించిన ఫలము నీయక, 2008లో ఆ పెద్ద పరీక్షలు ఆగిపోయినవి. విజయగాథలకన్న ఈ వైఫల్యమునే విద్యార్థి శ్రద్ధగా చదువవలెనని నా అభిప్రాయము. ఏలయన, టి-కణములను మేల్కొలిపినను వాటికి కళ్లెము వేయు వ్యవస్థ వేరొకటి కలదు. ఆ కళ్లెమును సడలించు మార్గము చూపిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమానము లభించినది. అదే జీఎం-సీఎస్ఎఫ్ జన్యువును వైరసు ద్వారా కణితిలోనికే చేర్చు టీ-వెక్ అను మందునకు 2015లో అమెరికా అనుమతి నిచ్చినది.

మన దేశమున కణితి కణములకు బదులు రోగి టి-కణములనే మార్చు నెక్స్‌కార్-19 చికిత్స, ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్, ఇమ్యునోయాక్ట్ సంస్థల కృషితో 2023 అక్టోబరులో అనుమతి పొందినది. ఆ ఇమ్యునోయాక్ట్‌లో హైదరాబాదునకు చెందిన లారస్ ల్యాబ్స్ 2021లోనే వాటా కొనుట మనవారు గమనింపదగినది.

ఇక కణములను పెంచెడి ప్రయోగశాలలో పని ఎట్టిది? కణములతో పనిచేయు గాజు గూడగు హుడ్‌ను 70 శాతము ఆల్కహాలుతో తుడిచి, 37 డిగ్రీల ఇన్‌క్యుబేటరునుండి ఫ్లాస్కును తీసి చూడగా, కణములను పెంచు ఎర్రని పోషకద్రవము (మీడియము) పసుపు వన్నెకు తిరిగినచో ఆమ్లము చేరినదనియు, మసకబారినచో బాక్టీరియా సోకియుండుననియు కంటితోనే పసిగట్టవలెను. తెగిన పోగును చూచినంతనే పట్టి అతుకువేయు సిరిసిల్ల సాంచెల (మరమగ్గముల) ఇంటి బిడ్డలకు ఈ నేర్పు పరాయిది కాదు.

డిగ్రీ ప్రవేశముల దోస్త్ ద్వారా మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ లేక బయోటెక్నాలజీ గల బీఎస్సీలో చేరి, పిదప సీపీగెట్, సీయూఈటీ-పీజీ, గాట్-బి, జామ్ పరీక్షలలో తగినదానిని వ్రాసి ఎమ్మెస్సీ చేయవచ్చును. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ వంటి పరీక్షలో జేఆర్ఎఫ్ సాధించినవారికి, నెలకు 37,000 రూపాయల వేతనముతో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, హైదరాబాదు విశ్వవిద్యాలయము వంటి చోట్ల పరిశోధనకు అవకాశము కలుగును. ఇట్టి పరిశోధనకు నిదర్శనముగా, ఉస్మానియాలో డాక్టరేటు చేసిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి, మూత్రాశయ క్యాన్సరు జన్యువులో ఒక్క అక్షరపు మార్పు ఎంత అనర్థము తెచ్చునో 1982లో వెల్లడించిన శాస్త్రజ్ఞులలో ఒకరు. పరిశోధన వలదనువారికి జీనోమ్ వ్యాలీ సంస్థలలో నాణ్యతా పరీక్ష, ఉత్పత్తి, రికార్డుల నిర్వహణ కొలువులు కలవు. అచట చేసిన ప్రతి పనిని అప్పటికప్పుడు తేదీతో సంతకముతో వ్రాసియుంచు అలవాటు లేనివాడు నిలువజాలడు.

వేలకొలది రుసుము గుంజి పదిరోజులలో సర్టిఫికెట్టు చేతబెట్టు కోర్సులవైపు చూడక, డిగ్రీలో ఉండగనే మన విజ్ఞాన అకాడమీలు ఇచ్చు వేసవి ఫెలోషిప్పులకు దరఖాస్తు చేసికొనుడు; వాటి ప్రకటన వేసవికి చాల ముందే వెలువడును గనుక, అధ్యాపకుని సిఫారసు లేఖ నిప్పుడే అడిగియుంచుట మేలు.