గుహలో జీపీఎస్ పనిచేస్తుందా?

ప్రశ్న: జియోక్యాషింగ్ (దాచిన డబ్బాను జీపీఎస్ సాయంతో వెతికే) ఆటకు మిత్రులతో బెలుం గుహలకు వెళ్దామనుకుంటున్నాం. ఎలా సిద్ధం కావాలండీ?
– ఒక పాఠకుడు, ధూల్‌పేట్

జవాబు: గుహ లోపల జీపీఎస్ పనిచేయదండీ, ఉపగ్రహ సంకేతం రాయి దాటి రాదు. బెలుం పొడవు 3,229 మీటర్లు, పాతాళగంగ దగ్గర లోతు 46 మీటర్లు. కాబట్టి డబ్బా గుహలో వద్దు. బయట, స్థల యజమాని అనుమతితోనే దాచండి. లోపల సున్నపు ఊడలను ముట్టుకోకండి. నీటి బొట్టు బొట్టుకీ వేల ఏళ్లుగా పెరిగినవి, చేతి జిడ్డు అంటితే ఆ పెరుగుదలే ఆగిపోవచ్చు. నాకు అన్నింటికన్నా ముఖ్యం ఇదే.

ఇక ప్రయాణం: గుహలు హైదరాబాద్ నుంచి మూడొందల కిలోమీటర్ల పైనే. నవంబరు–ఫిబ్రవరి మధ్య వెళ్లండి. లోపల ఉక్కపోత ఎక్కువ. నూలు బట్టలు, నీళ్లు, మనిషికో టార్చి తీసుకెళ్లండి. చివరిగా, బయట దాచేటప్పుడు డబ్బాను మట్టిలో పాతడం ఆట నియమాలకే విరుద్ధం, ఆ పని మాత్రం చేయకండి.