లుప్తోపమ: ప్రేమా, డ్రెస్సూ

టెన్త్‌లో మార్కుల కోసం బట్టీ కొట్టిన ఉపమాలంకారం గుర్తుందా ఫ్రెండ్స్? "హెచ్‌ఓడీ గారి గొంతు ఉరుములా గంభీరంగా ఉంది." ఇందులో గొంతు ఉపమేయం, ఉరుము ఉపమానం, 'లా' ఉపమావాచకం, గంభీరంగా ఉండటం సమానధర్మం. నాలుగూ ఉంటే పూర్ణోపమ. వాటిలో ఏదైనా లోపిస్తే లుప్తోపమ.

ఇప్పుడు హాస్టల్లో వినపడే ఒక మాట తీసుకుందాం: "రిలేషన్‌షిప్ అంటే డ్రెస్ లాంటిది రా." ఉపమేయం, ఉపమానం, వాచకం మూడూ ఉన్నాయి. సమానధర్మం మాత్రం లేదు. ఏ విషయంలో డ్రెస్ లాంటిది? చెప్పలేదు కాబట్టి ఎవరికి కావలసింది వాళ్ళు నింపుకుంటారు. సీ లాంగ్వేజ్‌లో విలువ ఇవ్వకుండా వదిలేసిన లోకల్ వేరియబుల్ లాగా, లోపల ఏముందో నమ్మలేం. అందుకే మనమే ఒక్కో విలువ ఇచ్చి చూద్దాం.

1. ట్రెండ్

జర్మన్ సామాజికవేత్త గియోర్గ్ జిమ్మెల్ 1904లో ఫ్యాషన్ మీద ఒక వ్యాసం ప్రచురించాడు. అందరిలో ఒకరిగా కలిసిపోవాలి, అందరిలో వేరుగా కనిపించాలి అనే రెండు కోరికలూ ఫ్యాషన్‌లో ఒకేసారి పనిచేస్తాయన్నది అతని వాదన. "అందరికీ ఎవరో ఒకరు ఉన్నారు, నాకే లేరు" అనే బెంగ మొదటిది. స్టేటస్‌లో జంట ఫోటో పెట్టాలనే తొందర రెండోది. పోలిక బాగానే కుదిరింది. కానీ ఆ "ఎవరో ఒకరు" అన్నచోట ఏ మనిషి పేరూ లేదు, గమనించారా?

2. సైజు

ట్రయల్ రూంలో అదిరిపోయిన జీన్స్ సంగతి మూడు గంటల ల్యాబ్‌లో కూర్చున్నాక తెలుస్తుంది. ప్రేమ కూడా అంతే. క్యాంటీన్‌లో కాదు, బ్యాక్‌లాగ్ వచ్చిన రోజున తెలుస్తుంది. ఎప్పుడూ ఊపిరి బిగబట్టే ఉండాల్సి వస్తే "అలవాటైపోతుందిలే" అనుకోవడం రెండు చోట్లా దండగే.

3. నేత

గద్వాల చీర చూడండి. మధ్య భాగం కాటన్, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ నేతలోనే కలుపుతారు. కలిసినంత మాత్రాన కాటన్ పట్టుగా మారిపోదు, మారమని ఎవరూ అడగరు కూడా. నాకైతే ఈ మూడింటిలో ఇదే బాగా నచ్చిన సమానధర్మం.

పోలిక తెగేచోటు

"నచ్చలేదు, మార్చేశా." షర్ట్ గురించి అంటే ఎవరికీ నొప్పి లేదు. మనిషి గురించి అంటే ఉంటుంది. విడిపోవడం తప్పని కాదు, ఎవరికైనా వద్దనుకునే హక్కుంది. కానీ షర్ట్‌కి కారణం చెప్పక్కర్లేదు. మనిషికి మాత్రం, బ్లాక్ చేసే ముందు, ఒక్క మాటైనా చెప్పాలి. ప్రాణభయమో వేధింపో ఉంటే తప్ప.

ఇంకొక చోట ఇది అసలు అలంకారమే కాదు, అక్షరాలా నిజం. "ఆ టాప్ వేసుకోకు. చున్నీ ఏది? ఆ ఫోటో తీసెయ్." మొదట్లో ఇది కేరింగ్ లాగే అనిపిస్తుంది. "ఈ రంగు నీకు బాగుంటుంది" అనడం ఇష్టం, "నేను చెప్పిందే వేసుకో" అనడం పెత్తనం. తేడా తెలియకపోతే ఒకసారి "వేసుకోను" అని చూడండి. నవ్వి ఊరుకుంటే సరే. మూడు రోజులు మాట్లాడటం మానేస్తే, అక్కడ మిమ్మల్ని మనిషిగా కాదు, వాళ్ళ వార్డ్‌రోబ్‌లో ఒక వస్తువుగా చూస్తున్నట్టు.

అభ్యాసం: "నువ్వు నాకు ________ విషయంలో డ్రెస్ లాంటి మనిషివి." ఖాళీ పూరించండి. పూరించాక, ఆ వాక్యాన్ని వాళ్ళ ఎదురుగా నిలబడి పైకి చదవగలరేమో చూసుకోండి.