అగేట్ గడ్డను ఎక్కడ కోయాలి?



కళాశాల ప్రయోగశాలలో భౌతిక తులను మీరు చూసే ఉంటారు. దాని దండం ఒక కత్తి అంచు మీద ఆని ఊగుతుంది. మంచి తులల్లో ఆ అంచును అగేట్ అనే రాతితో చేస్తారు. ఈ రాయి తొందరగా అరగదు, తుప్పు పట్టదు. రసాయన శాస్త్రంలో పదార్థాలను మెత్తగా నూరడానికి కూడా అగేట్ కల్వాన్ని వాడతారు.

ఇంత ఉపయోగపడే ఈ రాయి బయటికి మట్టి అంటిన బంగాళాదుంపలా ఉంటుంది. కోస్తే మాత్రం లోపల తెలుపు, బూడిద, ఎరుపు, గోధుమ రంగుల చారలు బయటపడతాయి. అయితే ఒకే గడ్డను ఒక దిశలో కోస్తే అందమైన చారలు, మరో దిశలో కోస్తే మసక మచ్చలు కనిపించవచ్చు. కోసిన రాయి తిరిగి అతకదు. కనుక ఎక్కడ కోయాలో ముందుగానే ఆలోచించాలి. అది ఎలాగో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

అగేట్ అంటే ఏమిటి?

అగేట్ అనేది పలుగురాయి జాతికి చెందిన ఖనిజం. రెండింటి రసాయన పదార్థం ఒకటే, సిలికాన్ డై ఆక్సైడ్. పలుగురాయిలో స్ఫటికాలు కంటికి కనిపిస్తాయి. అగేట్‌లో అవి సూక్ష్మదర్శినికి గానీ అందనంత చిన్నవి. దీని కాఠిన్యం మోస్ స్కేలుపై 6.5 నుంచి 7 వరకు ఉంటుంది. అందుకే చాకుతో గీస్తే గీత పడదు. పైగా అగేటే గాజును గీస్తుంది. ఉర్దూలో దీన్ని అకీక్ అంటారు.

ఎలా ఏర్పడుతుంది?

సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కన్ ప్రాంతంలో లావా పొరలు పొరలుగా పారి గట్టిపడింది. ఆదిలాబాద్, వికారాబాద్ వైపు కనిపించే నల్లరాయి అదే. లావా చల్లారేటప్పుడు అందులోని వాయువుల బుడగలు ఖాళీ గూళ్ళుగా మిగిలిపోయాయి. తర్వాతి కాలంలో సిలికా కరిగిన నీరు రాతిలోకి ఇంకి, ఆ గూళ్ళ గోడల మీద పొరలుగా పేరుకుంది. అలా గూడు నిండి అగేట్ గడ్డ తయారైంది. కొన్నిటిలో మధ్య భాగం ఖాళీగా మిగిలి, అక్కడ పలుగు స్ఫటికాలు పెరిగాయి. నల్లరాయి శిథిలమై మట్టి అయినా అగేట్ మాత్రం అరగక మిగులుతుంది. గోదావరి గులకరాళ్ళలో అగేట్ దొరకడానికి కారణం ఇదే.

ఈ పుట్టుక కథే మనకు కోత నేర్పుతుంది. పొరలు ఏ దిశలో పేరుకున్నాయో తెలిస్తే రంపం ఏ దిశలో వెళ్ళాలో తెలుస్తుంది.

కోయక ముందు చూడవలసినవి

1. తడిపి చూడాలి: గడ్డను బ్రష్‌తో శుభ్రంగా కడగాలి. తడి మీద చారలు, పగుళ్ళు బాగా కనిపిస్తాయి. నీరు ఆరేటప్పుడు మరోసారి గమనించాలి. రాయంతా ఆరినా పగులు ఉన్న చోట సన్నని తడి గీత కొంతసేపు నిలుస్తుంది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టుకోవాలి.

2. వెలుతురులో చూడాలి: చీకటి గదిలో టార్చిలైటు వెలుగును గడ్డకు ఆనించి చూస్తే, పల్చని చోట వెలుగు లోపలికి పాకుతుంది. అక్కడ చారలు ఎటు పోతున్నాయో కొంత తెలుస్తుంది.

3. సాంద్రత కట్టాలి: గడ్డను తూచి ద్రవ్యరాశి తెలుసుకోవాలి. అంచు వరకు నిండిన నీటి పాత్రలో దాన్ని మెల్లగా దించి, పొర్లిన నీటిని కొలజాడీతో కొలిస్తే ఘనపరిమాణం వస్తుంది. అగేట్ సాంద్రత సుమారు 2.6. లెక్క అంతకంటే బాగా తక్కువగా వస్తే లోపల గుల్ల ఉందని అర్థం. అయితే ఒక జాగ్రత్త. గడ్డకు బయటికి రంధ్రం ఉంటే నీరు లోపలికి పోయి లెక్క తప్పుతుంది. నల్లరాయి అంటుకొని ఉన్నా తప్పుతుంది, ఎందుకంటే అది అగేట్ కంటే బరువు.

4. కిటికీ తెరవాలి: గడ్డ చివర చిన్న ముక్క మాత్రం తీసి లోపలి రంగు, చారల దిశ చూడాలి. గుజరాత్‌లోని రతన్‌పూర్ గనుల వద్ద కార్మికులు చిన్న పెచ్చు కొట్టి చూసి రాళ్ళను వేరు చేస్తారు. అక్కడి రాయి ఖంభాత్ పట్టణంలో పూసలవుతుంది. ఆ రాష్ట్రంలోనే సింధు నాగరికత నాటి లోథాల్‌లో పూసల తయారీశాల అవశేషాలు బయటపడ్డాయి. అంటే ఈ విద్య ఎంత పాతదో ఊహించండి.

కోత దిశ ఎలా నిర్ణయించాలి?

మన వసతి గృహం వంటగదిలో ఉల్లిగడ్డలు కోయడం రోజూ చూస్తాం. నడిమికి కోస్తే పొరలన్నీ సన్నగా, స్పష్టంగా వలయాల్లా కనిపిస్తాయి. పక్క నుంచి చెక్క తీస్తే అవే పొరలు వెడల్పుగా, తక్కువగా కనిపిస్తాయి. గోడ వెంట పేరుకున్న అగేట్ పొరలు కూడా ఇలాగే ఉంటాయి. అందుకే నడిమి గుండా, పొడవు వెంట కోస్తే ఎక్కువ చారలు వస్తాయి.

దీనికి త్రికోణమితి కూడా సాక్ష్యం చెబుతుంది. పొర మందం t, పొరకూ కోతకూ మధ్య కోణం θ అయితే, కనిపించే చార వెడల్పు t/sin θ. కోణం 90° అయితే 1 మి.మీ. పొర 1 మి.మీ. గానే కనిపిస్తుంది. కోణం 30° అయితే అదే 2 మి.మీ. అయి అంచు మసకబారుతుంది.

కొన్ని గడ్డల్లో పొరలు నీటి మట్టంలా ఒకదానిపై ఒకటి సమాంతరంగా పేరుకుంటాయి. వీటిని ఆ గీతలకు అడ్డంగా, లంబంగా కోయాలి. పొర వెంటే కోస్తే ముఖమంతా ఒకే రంగు వస్తుంది. పైచర్మం మీద గుండ్రని కళ్ళలాంటి మచ్చలుంటే మాత్రం పద్ధతి వేరు. చర్మానికి సమాంతరంగా పైపైన కోస్తేనే కళ్ళు గుండ్రంగా వస్తాయి. నిలువుగా కోస్తే సగం కన్నే మిగులుతుంది.

పగులు ఉంటే అన్నిటికంటే ముందు దాని సంగతి చూడాలి. వీలైతే కోతను పగులు వెంటే నడపాలి. అప్పుడు పగులు రంపపు పొడిలో కలిసిపోతుంది.

ఒక ఉదాహరణ

9 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. ఎత్తు ఉన్న బాదంగింజ ఆకారపు గడ్డ ఉందనుకుందాం. ద్రవ్యరాశి 364 గ్రా., ఘనపరిమాణం 140 ఘ.సెం.మీ. సాంద్రత 2.6 కనుక లోపల గుల్ల లేదు. పైన పెచ్చు ఊడిన చోట సమాంతర గీతలు వెడల్పు దిశలో ఉన్నాయి. నడిమికి 1 సెం.మీ. పక్కగా, పొడవు వెంట నిలువుగా ఒక పగులుంది.

అడ్డంగా కోస్తే ముఖం చిన్నదవుతుంది, రెండు ముక్కల మీదా పగులు కనిపిస్తుంది. సరిగ్గా నడిమికి కోస్తే ముఖం పెద్దదే. కానీ పగులున్న సగం నుంచి 1 సెం.మీ. మందం పలక ఊడిపోవచ్చు. పగులు వెంట కోస్తే ముఖం పొడవు 9 నుంచి సుమారు 8.5 సెం.మీ.కు మాత్రమే తగ్గుతుంది. గీతలకు కోత లంబంగానే ఉంటుంది, రెండు ముక్కలూ గట్టిగా మిగులుతాయి. కనుక మూడోదే సరైన నిర్ణయం. అర సెంటీమీటరు వదులుకొని రాయిని కాపాడుకున్నాం.

దుమ్ముతో జాగ్రత్త

అగేట్‌ను సుత్తితో పగలగొట్టకూడదు. గాజులా వంపులు తిరిగి పగిలి, పెచ్చులు కంట్లో పడతాయి. వజ్రపు పొడి అద్దిన రంపపు చక్రంతో, నీరు పోస్తూ, గడ్డను బిగించి కోయాలి. చేత్తో పట్టుకొని ఎప్పుడూ కోయకూడదు. అనుభవం ఉన్నవారి చేతనే కోయించాలి.

పొడిగా కోసినా, సానపట్టినా లేచే సన్నని సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వ్యాధి తెస్తుంది. దీన్ని నయం చేసే మందు లేదు. క్షయ సోకే ప్రమాదం కూడా పెరుగుతుంది. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఖంభాత్ అగేట్ కార్మికుల్లో ఈ వ్యాధిని అధ్యయనం చేసింది. ముఖానికి గుడ్డ కట్టుకుంటే ఈ దుమ్ము ఆగదు. నీటితో దుమ్మును అణచాలి, గాలి బయటికి లాగే ఏర్పాటు ఉండాలి. రాళ్ళు కొట్టే పనిలో, క్వారీల్లో, గ్రానైట్ కోతలో మన ఇళ్ళవాళ్ళు ఉంటే ఈ మాట వారికి తప్పక చెప్పండి.

గుర్తుంచుకోవలసినవి

• ముందు పగుళ్ళు, తర్వాత గుల్ల, ఆ తర్వాత చారల దిశ చూడాలి.
• గోడ పొరలకు నడిమి కోత, సమాంతర పొరలకు లంబ కోత, కళ్ళకు పైపై కోత.
• తడి లేకుండా కోత వద్దు.

మీరే చేయండి: ఒక గడ్డ ద్రవ్యరాశి 390 గ్రా., ఘనపరిమాణం 180 ఘ.సెం.మీ. లోపలి గుల్ల ఎంత?

జవాబు: రాతి భాగం 390 ÷ 2.6 = 150 ఘ.సెం.మీ. కనుక గుల్ల 30 ఘ.సెం.మీ.

రాయిని ఎన్నిసార్లయినా చూడవచ్చు, కోసేది ఒక్కసారే. కాబట్టి తొందరపడకుండా చూసి, లెక్క కట్టి, గీత గీసి, ఆ తర్వాతే రంపం దగ్గరకు వెళ్ళండి.