చూపునకు సారథి ఎవరు?



కఠోపనిషత్తులో యమధర్మరాజు నచికేతునకు ఒక రథమును ఉపమానముగా చూపినాడు. శరీరము రథము, ఆత్మ దాని యజమాని, బుద్ధి సారథి, మనస్సు కళ్ళెము, ఇంద్రియములు గుఱ్ఱములు, శబ్దస్పర్శాది విషయములు ఆ గుఱ్ఱములు పరుగెత్తే దారులు. ఈ పాఠమును నలభై సంవత్సరములు విద్యార్థులకు చెప్పినాను. కాని అందులో ఒక సంగతి నాకు మొన్నమొన్నటి వరకు తట్టలేదు. ఆ ఉపమానములోని దారులు కదలవు. ఉన్నచోటనే ఉంటాయి. గుఱ్ఱము వాటివైపు పోతే పోతుంది, లేకుంటే లేదు. మరి దారియే గుఱ్ఱపు మోజును కనిపెట్టి, దాని కాళ్ళ ముందుకు వచ్చి పరచుకుంటే సారథి ఏమి చేయవలెను? చేతిలోని ఫోను నేడు మనకు వేస్తున్న ప్రశ్న ఇదే. నాకు ఎదురైన అనుభవమును చెప్పి, దానినుండి నేర్చుకున్న పాఠమును మీ ముందుంచుతాను.

2025 సెప్టెంబరు 7, భాద్రపద పూర్ణిమ. ఆ రాత్రి కుంభరాశిలో సంపూర్ణ చంద్రగ్రహణము. మా దంపతులకు ఉన్నది ఒకటే ఫోను. నేను వేదపారాయణములు వింటాను, మా గృహిణి పురాణప్రవచనములు వింటుంది. గ్రహణమునకు వారము ముందు అందులో ఒక వీడియో వచ్చినది. కుంభరాశివారి ఇంట ప్రయాణములు కలిసిరావనీ, ప్రాణగండమున్నదనీ, పరిహారమునకు డబ్బు పంపవలెననీ ఒకాయన భయపెడుతున్నాడు. గ్రహణవేళ స్నానము, జపము, దానము చేయుమన్నది శాస్త్రము, వణికిపొమ్మనలేదు. చదువుకున్నవాడిని గదా, తప్పులు పట్టుదామని చివరిదాకా చూసినాను. మరల ఒకసారి చూసి, కోపమాగక దాని క్రింద నాలుగు వాక్యముల ఖండన వ్రాసినాను. ధర్మకార్యము చేసినాననుకొని నిద్రపోయినాను.

మరునాడు అటువంటివి పది వచ్చినవి. వాటిని చూసినది నేను కాదు, మా గృహిణి. ఆమెది శతభిషా నక్షత్రము, కుంభరాశి. మూడు రోజులు సరిగా అన్నము తినలేదు. మా చిన్నవాడు ఆ వారమే శంషాబాద్ విమానాశ్రయము నుండి దూరదేశమునకు, కొత్త ఉద్యోగమునకు బయలుదేరవలసి ఉన్నది. తల్లి కన్నీళ్ళు చూడలేక టికెట్టు రద్దు చేసుకున్నాడు. డబ్బు పోయినది, చేరవలసిన తేదీ దాటినది, తల్లీకొడుకుల మధ్య మాటలు తగ్గినవి. మా ఇంటిమీదుగా విమానము వెళ్ళినప్పుడల్లా ఆమె తల వంచుకునేది.

ఇంజనీరింగు చదువుతున్న మా మనుమరాలు ఫోను చూసి ఇట్లన్నది: “తాతగారూ, మీరు కోపంతో చూశారో, భక్తితో చూశారో దానికి తెలియదు. రెండుసార్లు చూశారు, చివరిదాకా చూశారు, పైగా నాలుగు వాక్యాలు రాశారు. మీకు అవంటే చాలా ఇష్టమనుకుంది.”

నేను ఖండన అనుకున్నది అక్కడ నైవేద్యమైనది.

ఇది ఎట్లు జరుగుతుందో తెలుసుకుందాము. పూర్వము ఈ వేదికలలో పరిచితులు పెట్టినవి చాలవరకు కాలక్రమములో కనబడేవి. 2012లో యూట్యూబు, ఎందరు నొక్కినారన్నదాని కంటె ఎంతసేపు చూసినారన్నదానికి ఎక్కువ ప్రాధాన్యమిచ్చినది. 2016లో ఇన్‌స్టాగ్రామ్ కాలక్రమమును విడిచి, ఎవరికి ఏది నచ్చునో అంచనా వేసి వరుస పేర్చసాగినది. ఫేస్‌బుక్కు 2017లో కోపముఖము మొదలైన గుర్తులకు మామూలు మెచ్చుకోలు గుర్తు కంటె అయిదు రెట్లు విలువ కట్టినది. కోపము తెచ్చే రాతలలో అసత్యములు ఎక్కువగా ఉంటున్నవని గ్రహించి, క్రమముగా తగ్గించి, 2020లో ఆ కోపముఖపు విలువను సున్న చేసినది. ఇట్లు పేర్చే లెక్కకే ఆల్గారిథమ్ అని పేరు. దానికి రాగద్వేషములు లేవు. మన రాగద్వేషముల లెక్క మాత్రము దాని దగ్గర ఉన్నది.

కనుక మొదటి సాధన ఉపేక్ష. పతంజలి మహర్షి సుఖులయెడ మైత్రి, దుఃఖితులయెడ కరుణ, పుణ్యాత్ములయెడ ముదిత, పాపులయెడ ఉపేక్ష అలవరచుకొనవలెనని ఉపదేశించినాడు. ఉపేక్ష అనగా చేతగానితనము కాదు, తెలిసి చూపు మరల్చుట. చెడ్డ వీడియో వచ్చినప్పుడు ఆగవద్దు, క్రింద తిట్టవద్దు, “ఎంత ఘోరమో చూడండి” అని పదిమందికి పంపవద్దు. ఖండింపవలసినది ఉంటే, దానిని నమ్మినవారి ప్రక్కన కూర్చొని, మెల్లగా నోటితో చెప్పండి. నేను ఆ రాత్రి చేయవలసినది అదే. ఎవరైనా భయపెట్టి డబ్బు లాగుకుంటే మాత్రము ఊరుకొనవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయండి.

రెండవది, కళ్ళెము బిగించుట. యూట్యూబులో వీడియో ప్రక్కన మూడు చుక్కలు ఉంటాయి. వాటిని నొక్కితే “నాట్ ఇంట్రెస్టెడ్”, “డోంట్ రికమెండ్ ఛానల్” అని కనబడతాయి. మొదటిది ఆసక్తి లేదనుట, రెండవది ఆ ఛానలునే చూపవద్దనుట. 2022లో మొజిల్లా సంస్థ 20,000 మందికి పైగా స్వచ్ఛంద సభ్యుల సహాయముతో పరిశీలించగా, మొదటిది అక్కరలేనివాటిలో నూటికి 11 మాత్రమే ఆపగలిగినదనీ, రెండవది 43 వరకు ఆపినదనీ తేలినది. కనుక రెండవదానినే వాడండి. అదియైనను సగము కూడ ఆపలేదని మరువకండి.

మూడవది, పాత జాడలను తుడుచుట. యూట్యూబులో “హిస్టరీ” అనుచోట ఇంతవరకు చూసినవన్నియు ఉంటాయి. అక్కరలేనివాటిని తొలగింపవచ్చును. చరిత్రనంతయు చెరిపి, ఇక వ్రాయవద్దని ఆపివేస్తే, తెరవగానే కనబడే పుటలో సిఫార్సులే రావు. అప్పుడు కావలసినది మనమే వెదకుకొనవలెను. ఇన్‌స్టాగ్రామ్‌లో సూచనలనన్నింటిని మొదటికి తెచ్చే సదుపాయము 2024 నుండి ఉన్నది. ఒకదాని వెంట ఒకటి దానంతట అది ఆడే “ఆటోప్లే”ను ఆపండి. ఒకే ఫోను ఇద్దరు వాడుతుంటే వేరువేరు ఖాతాలు పెట్టుకొనండి. ఒకరి కోపము మరొకరికి భయము కాకుండును.

అయితే మీటలు మాత్రమే చాలవు, ఊరు కలిసి రావలెను. 2018లో పిల్లలనెత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నవని వాట్సాపులో పుకార్లు పుట్టి, దేశములో పలుచోట్ల అమాయకులు ప్రాణములు కోల్పోయినారు. అక్కడ వాటిని చేరవేసినది యంత్రపు లెక్క కాదు, మనుషుల చేతులే. మన శంషాబాద్ మీదుగా దక్షిణమునకు సాగే 44వ జాతీయ రహదారి జోగులాంబ గద్వాల జిల్లాను దాటి పోతుంది. అప్పుడు ఆ జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు ఊరూరికి పోలీసులను పంపి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి, వచ్చిన ప్రతి వార్తను నమ్మవద్దని, ముందుకు పంపవద్దని చెప్పించినారు. అక్కడ ప్రాణనష్టము తప్పినది. అదే సంవత్సరము జులైలో వాట్సాపు మన దేశములో ఒక సందేశమును ఒకేసారి అయిదు చాట్‌లకు మించి పంపరాదని హద్దు పెట్టినది. ఆ హద్దు యంత్రము పెట్టినది; గద్వాలలో హద్దు పెట్టినది ప్రజల వివేకము. రెండును కావలెను.

మా ఇంట ఇప్పుడు ఒక నియమము పెట్టుకున్నాము. ప్రతి ఏకాదశినాడు ఉపవాసముతోపాటు ఇద్దరము కూర్చొని ఫోను తెరచి, ఆ పక్షములో ఏమేమి చూసినామో చదువుకుంటాము. అక్కరలేనివి తొలగిస్తాము. ఇది చిత్తశుద్ధికి ఒక అద్దము వంటిది. ఏది చూసినామో అక్కడ దాగదు. మొదటి ఏకాదశినాడే ఆమెను క్షమింపుమని అడిగినాను. “మీరు చూసినది మంచికేగా” అన్నది. మంచికే చూసినాను, కాని కళ్ళెము వదలి చూసినాను.

మా చిన్నవాడు కార్తికములో వేరొక టికెట్టు కొనుక్కొని వెళ్ళినాడు. ఆ తెల్లవారుజామున విమానము ఇంటిమీదుగా వెళ్ళుతుంటే మా గృహిణి వాకిట నిలబడి తలయెత్తి చూసినది.

స్వస్తి.