వ్యాన్ నడిపే తమ్ముళ్లకు ఒక పాఠం



మన హాస్టల్లో చదువుకొని వెళ్లిన అన్నలలో ఉద్యోగస్తులు ఉన్నారు, సేద్యం చేసేవారు ఉన్నారు, గుంటూరు నుంచి పల్లెలకు సరుకుల వ్యాన్లు నడిపేవారూ ఉన్నారు. రేపు మీలో కొందరు అదే పనిలోకి వెళ్లవచ్చు. అందుకే ఈ సంచికకు ఈ పాఠం రాస్తున్నాను.

ముందు ఒక లెక్క చేద్దాం. గుంటూరు నుంచి అమరావతికి సుమారు 35 కిలోమీటర్లు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తే 42 నిమిషాలు, 70తో వస్తే 30 నిమిషాలు పడుతుంది. కలిసి వచ్చేది 12 నిమిషాలే. కానీ బ్రేకు పడ్డాక బండి ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి 70 మీద అది దాదాపు రెట్టింపవుతుంది. రాత్రిపూట మిర్చి టిక్కీలతో, వెనుక లైటు లేకుండా వెళ్లే ట్రాక్టరు ఎదురైతే ఆ తేడా ఎంతో ఆలోచించండి.

ఫోను సంగతీ అంతే. 50 వేగంలో బండి సెకనుకు సుమారు 14 మీటర్లు పోతుంది. ఎవరు చేశారో చూడటానికి 3 సెకన్లు తల వంచితే 42 మీటర్లు కళ్లు మూసుకొని నడిపినట్లే.

ఇక చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలి. మొత్తం బరువు 7,500 కిలోలు మించని సరుకుల బండికి లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు చాలునని సుప్రీంకోర్టు 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. 2019 సవరణ ప్రకారం లైసెన్సు లేకుండా నడిపితే 5,000 రూపాయలు, సీటు బెల్టు పెట్టుకోకపోతే 1,000 రూపాయలు జరిమానా. అధిక లోడుకు 20,000, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున పడుతుంది. ఈ లోడు కేసు బండి పంపినవారితోపాటు నడిపినవారి మీదా ఉంటుంది.

పత్తి తీతకు, మిరప కోతకు వెళ్లే కూలీలు "అబ్బాయ్, కాస్త ఎక్కించుకో" అని అడుగుతారు. వారు మన అమ్మలే, అక్కలే. కాదనడం కష్టం. కానీ సరుకుల బండిలో ఊరికే ఎక్కినవారికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీకి బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లోనే ఆశారాణి కేసులో చెప్పింది. వారి మేలు కోరితే బస్సు ఎక్కమని చెప్పండి.

ఎంత జాగ్రత్తపడినా ప్రమాదం జరిగిందనుకోండి. పారిపోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లోపు పోలీసులకు తెలియజేయడం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవరు విధి. జనం కొడతారని భయమైతే నేరుగా స్టేషనుకు వెళ్లండి.

యజమాని తొందరపెట్టవచ్చు, "ఇంకో నాలుగు బస్తాలు వేయి" అనవచ్చు. వినయంగానే కాదని చెప్పండి. లైసెన్సు మీద ఉన్నది మీ పేరు. సాయంత్రం గుమ్మంలో ఎదురుచూసేది మీ ఇంటివారు.

మీరందరూ క్షేమంగా ఇల్లు చేరాలని కోరుకుంటూ,

మీ హాస్టల్ పూర్వ విద్యార్థి